మంచు కొండల వీరుడు జెనో కొలో

ఈ పాఠం చదివే ముందు

మీరు ఎప్పుడైనా కొండ మీద మంచు పేరుకుని ఉండటం చూశారా? మనలో చాలామంది చూసి ఉండరు. మన ప్రాంతంలో మంచు అంటే శీతకాలం తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకునే పొగమంచే. లంబసింగి వంటి చోట్ల ఎప్పుడైనా గడ్డి మీద తెల్లని పొర కనబడితే అదే పెద్ద వింత. కాశ్మీరులోని గుల్మార్గ్‌లో, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మాత్రం శీతకాలంలో కొండవాలులు మంచుతో పూర్తిగా కప్పబడిపోతాయి. అక్కడ కాళ్ళకు పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారుతూ ఆడే ఆటను స్కీయింగ్ అంటారు.

ఈ పాఠంలో అటువంటి ఆటలో ప్రపంచాన్ని గెలిచిన ఒక ఇటలీ దేశస్థుని జీవితం చదువుతారు. అతని పేరు జెనో కొలో. అతడు ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన రెండేళ్ళకే, అతని సొంత దేశపు క్రీడా సంఘం అతణ్ణి జీవితాంతం పోటీల నుంచి వెలివేసింది. అతడు మోసం చేయలేదు, మత్తుమందు వాడలేదు. ఒక జత బూట్ల మీద, ఒక కోటు మీద తన పేరు వేసుకోనిచ్చాడు. అది నేరం ఎలా అయింది? ఈ పాఠం చదివాక ఈ ప్రశ్నకు మీ మాటల్లో జవాబు చెప్పగలగాలి. అమెచ్యూర్ ఆటగాడు, ప్రొఫెషనల్ ఆటగాడు అనే మాటల మధ్య తేడా కూడా వివరించగలగాలి.

పెద్ద చెట్టు ఊరు

ప్రపంచ పటంలో ఇటలీ దేశాన్ని గుర్తించండి. అది సముద్రంలోకి చాచిన కాలి బూటులాగా ఉంటుంది. దానికి ఉత్తరాన ఆల్ప్స్ పర్వతాలు గోడలాగా నిలబడి ఉన్నాయి. దేశం నడుమ పైనుంచి కిందదాకా వెన్నెముకలాగా మరొక పర్వతశ్రేణి సాగుతుంది. దాని పేరు అపెన్నైన్. ఆ శ్రేణిలో, టస్కనీ ప్రాంతంలో, ఒక కనుమ మీద సముద్రమట్టానికి దాదాపు 1,390 మీటర్ల ఎత్తున అబెతోనె అనే చిన్న ఊరుంది.

ఇటలీ భాషలో అబెతె అంటే దేవదారు వంటి ఒక చెట్టు. అబెతోనె అంటే పెద్ద దేవదారు. 18వ శతాబ్దంలో టస్కనీ, మొదెనా రాజ్యాలను కలుపుతూ ఈ కనుమ మీదుగా బాట వేశారు. దారికి అడ్డంగా ఉన్న ఒక మహావృక్షాన్ని అప్పుడు కొట్టివేశారు. కొట్టివేసిన చెట్టే ఊరికి పేరైంది. రెండు రాజ్యాల సరిహద్దును తెలిపే రెండు రాతి పిరమిడ్లు ఆ కనుమ మీద నేటికీ ఉన్నాయి. ఊరి చుట్టూ దట్టమైన అడవి. అక్కడి జనానికి చాలాకాలం ఆ అడవే ఆధారం. శీతకాలం వస్తే ఇళ్ళ ముందు మంచు పేరుకుపోతుంది. అక్కడి పిల్లలు నడక నేర్చిన కొద్దికాలానికే స్కీల మీద జారడం కూడా నేర్చుకుంటారు.

ఆ ఊళ్ళో 1920 జూన్ 30న జెనో కొలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. అదే ఏడాది అదే ఊళ్ళో చెలీనా సేగి అనే అమ్మాయి కూడా పుట్టింది. ఆమె పేరు గుర్తుంచుకోండి, ముందు ముందు మళ్ళీ వస్తుంది. ఇటలీలో పేరుమోసిన స్కీ ఆటగాళ్ళు చాలామంది ఆల్ప్స్ ప్రాంతంవారు. దేశం నడుమనున్న ఒక చిన్న కొండ ఊరు ఒకే సంవత్సరంలో ఇద్దరు ప్రపంచస్థాయి ఆటగాళ్ళను కనడం విశేషమే.

కొలో కుర్రతనంలోనే పందేలలో దిగాడు. ఇరవై ఏళ్ళు నిండకముందే దేశంలోని మంచి ఆటగాళ్ళలో ఒకడని పేరు తెచ్చుకున్నాడు.

ఆట తీరు తెలుసుకుందాం

ముందుకు వెళ్ళేముందు ఈ ఆట ఎలా ఆడతారో కొంచెం తెలుసుకోవాలి. లేకపోతే అతడు గెలిచిన పతకాల విలువ మనకు అర్థం కాదు.

కొండవాలు స్కీయింగ్‌లో ఆ రోజుల్లో మూడు ముఖ్యమైన పందేలు ఉండేవి. మొదటిది డౌన్‌హిల్. కొండ పైనుంచి కింది గీత దాకా వీలైనంత వేగంగా దిగాలి. మలుపులు తక్కువ, వేగం ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. రెండవది స్లాలమ్. దీనిలో మంచులో దగ్గర దగ్గరగా కర్రలు పాతి ఉంచుతారు. ఆటగాడు ఆ కర్రల జతల మధ్యనుంచి అటూ ఇటూ తిరుగుతూ దిగాలి. ఒక్క జత తప్పినా పందెం పోయినట్లే. మూడవది జెయింట్ స్లాలమ్. ఇందులో కర్రలు దూరం దూరంగా ఉంటాయి. వేగం, మలుపుల నేర్పు రెండూ కావాలి. ఏ పందెంలోనూ ఆటగాళ్ళు పక్కపక్కన పరుగెత్తరు. ఒకరి తర్వాత ఒకరు దిగుతారు. గడియారమే న్యాయనిర్ణేత.

నేటి ఆటగాళ్ళకు ప్లాస్టిక్ బూట్లు, బరువు తక్కువ స్కీలు, గట్టి హెల్మెట్లు ఉన్నాయి. కొలో కాలంలో స్కీలు కర్రతో చేసినవి. బూట్లు తోలువి. తలకు ఒక ఊలు టోపీ ఉంటే ఉన్నట్లు, లేకపోతే లేదు. పడితే ఎముక విరగడం మామూలు. మన దేశం తరఫున శీతకాల ఒలింపిక్స్‌లో మొదటిసారి దిగిన ఆటగాడు జెరెమీ బుజకోవ్‌స్కీ కూడా 1964లో ఇన్స్‌బ్రుక్‌లో ఈ డౌన్‌హిల్ పందెంలోనే పాల్గొన్నాడు. అతడు పందెం పూర్తి చేయలేకపోయాడు. ఆ వాలులు ఎంత కష్టమైనవో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఆగి ఆలోచించండి: డౌన్‌హిల్‌కూ స్లాలమ్‌కూ ఉన్న తేడా ఏమిటి? రెండింటిలోనూ ఒకే మనిషి గెలవడం ఎందుకు కష్టం?

యుద్ధం మింగిన సంవత్సరాలు

ఆటగాడికి ఇరవై నుంచి ఇరవై అయిదేళ్ళ వయస్సు బంగారం వంటిది. కొలోకు ఆ వయస్సు వచ్చేసరికి రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతోంది. 1940లోనూ 1944లోనూ ఒలింపిక్ క్రీడలు జరగలేదు. అతడు సైన్యంలో పనిచేశాడు. 1943 సెప్టెంబరులో ఇటలీ ప్రభుత్వం శత్రుపక్షంతో సంధి చేసుకుంది. వెంటనే జర్మనీ సైన్యాలు ఇటలీలోని చాలా భాగాన్ని ఆక్రమించాయి. వేలాదిమంది ఇటలీ సైనికులు సరిహద్దు దాటి, యుద్ధంలో చేరని స్విట్జర్లాండ్‌కు వెళ్ళారు. వారిలో కొలో కూడా ఉన్నాడు. అక్కడి ప్రభుత్వం అటువంటి సైనికులను తన అదుపులో ఉంచుకుంది. అదృష్టవశాత్తూ స్విట్జర్లాండ్ కూడా మంచు కొండల దేశమే. అందువల్ల అతనికి స్కీలతో సంబంధం పూర్తిగా తెగిపోలేదు.

యుద్ధం ముగిసి ఇంటికి వచ్చేటప్పటికి అతనికి 25 ఏళ్ళు. చేతిలో చెప్పుకోదగ్గ పతకం లేదు. చాలామంది ఆటగాళ్ళు ఆట మానుకునే వయస్సు మరీ దూరం లేదు.

సెకనుకు 44 మీటర్లు

1947లో కొలో ఒక విచిత్రమైన పనికి పూనుకున్నాడు. ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులో చెర్వీనియా అనే చోట ఏడాది పొడవునా మంచు ఉండే వాలులున్నాయి. అక్కడ మనిషి స్కీల మీద ఎంత వేగంగా వెళ్ళగలడో కొలిచే పరీక్ష జరిగింది. కొలో వేగం గంటకు 159.292 కిలోమీటర్లుగా తేలింది. అది ప్రపంచ రికార్డు.

ఈ అంకెను ఊరికే చదివి వదిలేయకండి. కొంచెం లెక్క వేద్దాం. గంటకు 159 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 44 మీటర్లు. క్రికెట్ ఆటలో ఒక వికెట్టు నుంచి మరొక వికెట్టుకు దూరం 20 మీటర్ల పైచిలుకు. అంటే ఒక్క సెకనులో అతడు రెండు పిచ్‌ల పొడవు దాటాడు. మన దేశంలో చాలా ఎక్స్‌ప్రెస్ రైళ్ళు కూడా ఆ వేగాన్ని అందుకోవు. రైలుకు ఇంజను ఉంది, పట్టాలున్నాయి, బ్రేకులున్నాయి. అతనికి ఉన్నవి రెండు కర్ర పలకలు. తలకు హెల్మెట్ కూడా లేదు.

ఇంత వేగం ఎలా వచ్చింది? జవాబు గాలిలో ఉంది. ఎదురుగాలికి సైకిలు తొక్కిన వారెవరికైనా ఇది అనుభవమే. నిటారుగా కూర్చుంటే గాలి వెనక్కి తోస్తుంది. వంగి తొక్కితే బండి కొంచెం తేలికగా సాగుతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు మరీ ఎక్కువగా పెరుగుతుంది. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. కొలో ఈ సంగతి తన శరీరంతో గ్రహించాడు. మోకాళ్ళు బాగా వంచి, నడుము ముందుకు వాల్చి, చేతులు ముందుకు దగ్గరగా చేర్చి, శరీరాన్నంతా గుండ్రంగా ముడుచుకుని దిగేవాడు. ఆ భంగిమ గుడ్డు ఆకారంలో ఉండేది కాబట్టి దానికి ఆ పేరే వచ్చింది. ఆ రోజుల్లో చాలామంది నిటారుగా, చేతులు చాచి సమతూకం చూసుకుంటూ దిగేవారు. ముడుచుకుంటే పట్టు తప్పుతుందని వారి భయం. తరువాత 1960లో ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వువార్నె ఇటువంటి భంగిమతోనే ఒలింపిక్ డౌన్‌హిల్ గెలిచినప్పుడు అది లోకమంతటా ప్రసిద్ధమైంది. నేడు ఏ దేశపు డౌన్‌హిల్ ఆటగాణ్ణి చూసినా అలాగే ముడుచుకుని దిగుతాడు. కొలో పెట్టిన వేగం రికార్డు పదేళ్ళకు పైగా నిలిచింది.

1948లో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో యుద్ధం తర్వాతి మొదటి శీతకాల ఒలింపిక్స్ జరిగాయి. కొలో అక్కడ పతకమేమీ లేకుండా తిరిగివచ్చాడు.

ఆస్పెన్, ఆపైన నోరెఫ్యెల్

1950 ఫిబ్రవరిలో అమెరికాలోని ఆస్పెన్ పట్టణంలో ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలు జరిగాయి. ఈ కొండవాలు పోటీలు యూరప్ దాటి జరగడం అదే మొదటిసారి. జెయింట్ స్లాలమ్‌ను ప్రపంచ పోటీల్లో చేర్చడం కూడా అప్పుడే మొదలు. అప్పటికి కొలో వయస్సు 29 ఏళ్ళు. అతడు డౌన్‌హిల్ గెలిచాడు. జెయింట్ స్లాలమ్ గెలిచాడు. స్లాలమ్‌లో స్విట్జర్లాండ్ ఆటగాడు జార్జ్ ష్నైడర్ తర్వాత రెండవ స్థానం పొందాడు. మూడు పందేలలో రెండు బంగారు పతకాలు, ఒక వెండి పతకం. అంటే వేగంలోనూ, మలుపుల నేర్పులోనూ అతనికి అతడే సాటి అని తేలింది. అదే పోటీల్లో మహిళల స్లాలమ్‌లో చెలీనా సేగి కంచు పతకం గెలిచింది. అబెతోనె అనే ఆ చిన్న ఊరికి ఒకే వారంలో నాలుగు పతకాలు వచ్చాయన్నమాట.

రెండేళ్ళ తర్వాత, 1952లో, నార్వే రాజధాని ఓస్లోలో శీతకాల ఒలింపిక్స్ జరిగాయి. డౌన్‌హిల్ పందానికి తగిన ఎత్తు కొండ నగరంలో లేదు. అందువల్ల ఆ పందేన్ని ఓస్లోకు దూరంగా నోరెఫ్యెల్ కొండ మీద పెట్టారు. కొలోకు అప్పుడు 31 ఏళ్ళు. ప్రత్యర్థులలో ఆస్ట్రియావారు గట్టివారు. కొలో 2 నిమిషాల 30.8 సెకన్లలో కిందికి చేరాడు. ఆస్ట్రియాకు చెందిన ఓత్మార్ ష్నైడర్ 2 నిమిషాల 32 సెకన్లతో రెండవవాడు, అదే దేశపు క్రిస్టియన్ ప్రావ్డా 2 నిమిషాల 32.4 సెకన్లతో మూడవవాడు. తేడా 1.2 సెకన్లే. కాని డౌన్‌హిల్‌లో అది చిన్న తేడా కాదు. ఆ 1.2 సెకన్లలో ఆటగాడు పది పన్నెండు బారల దూరం సునాయాసంగా దాటిపోతాడు.

కొండవాలు స్కీయింగ్‌లో ఇటలీకి అది మొట్టమొదటి ఒలింపిక్ బంగారు పతకం. అదే క్రీడల్లో స్లాలమ్‌లోనూ, జెయింట్ స్లాలమ్‌లోనూ అతడు నాలుగో స్థానంలో నిలిచాడు. రెండుసార్లు ఒక్క మెట్టు దూరంలో పతకం తప్పిపోయింది.

ఆగి ఆలోచించండి: కొలో పుట్టిన సంవత్సరం, ప్రపంచ విజేత అయిన సంవత్సరం, ఒలింపిక్ విజేత అయిన సంవత్సరం ఒక కాగితం మీద వరుసగా రాయండి. మధ్యలో యుద్ధం ఎన్నేళ్ళు మింగిందో లెక్కవేయండి.

పేరు అమ్ముకోవడం

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం.

1954లో ఇటలీ శీతకాల క్రీడల సమాఖ్య కొలోను ప్రొఫెషనల్‌గా ప్రకటించి, పోటీల నుంచి జీవితాంతం నిషేధించింది. కారణం, అతని పేరుతో స్కీ బూట్లు, స్కీ కోటు బజారులోకి రావడం. అటువంటి సరుకు తయారుచేసేవారికి పెద్ద ఆటగాడి పేరు ఎంత లాభమో మనకు తెలియనిది కాదు. ఇవాళ సబ్బు బిళ్ళ మీద కూడా క్రికెట్ ఆటగాడి బొమ్మ ఉంటుంది. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కాని ఆ కాలంలో ఒలింపిక్ ఆటగాడు అమెచ్యూర్‌గా ఉండి తీరాలి. అమెచ్యూర్ అంటే ఆట మీద ఇష్టంతో మాత్రమే ఆడేవాడు. ఆట ద్వారా, ఆటవల్ల వచ్చిన పేరు ద్వారా ఒక్క పైసా సంపాదించినా అతడు ప్రొఫెషనల్ అవుతాడు, అంటే ఆటను వృత్తిగా చేసుకున్నవాడవుతాడు. అతనికి ఒలింపిక్స్‌లో చోటు లేదు.

వినడానికి ఈ నియమం మంచిదిగానే ఉంటుంది. డబ్బు చేరితే పందేలు కాయడం, కావాలని ఓడిపోవడం వంటివి వస్తాయని నియమం పెట్టినవారి వాదన. ఆ భయంలో కొంత నిజం ఉంది కూడా. కాని ఈ నియమం పుట్టిన చోటు చూస్తే దాని రెండో ముఖం కనబడుతుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని సంపన్నుల క్రీడాసంఘాలు దీనికి రూపం ఇచ్చాయి. అక్కడ పడవ పందేల నియమాలలో ఒకటి ఏమంటే, కూలిపని చేసేవారు, చేతివృత్తులవారు అసలు అమెచ్యూర్లే కారు. వారు డబ్బుకు ఆడినా ఆడకపోయినా సరే. రోజంతా ఒంటితో పనిచేసే మనిషి పెద్దమనుషులతో కలిసి పడవ తొయ్యకూడదని దాని అర్థం. తరువాత ఆ మాటలు నియమాల్లోంచి పోయాయి. కాని లోపలి భావం చాలాకాలం మిగిలింది. తాతల ఆస్తి ఉన్నవాడు ఏడాదంతా సాధన చేయగలడు. అతనికి జీతం అక్కర్లేదు. పేదవాడు సాధన చేస్తే ఆ రోజు పొయ్యి వెలగదు.

స్కీయింగ్‌లో ఈ చిక్కు మరీ ఎక్కువ. కొండ ఊళ్ళలో బాగా స్కీ చేసేవాడికి సహజంగా దొరికే పని, పట్నం నుంచి వచ్చిన యాత్రికులకు ఆ విద్య నేర్పడం. 1936లో జర్మనీలో జరిగిన శీతకాల ఒలింపిక్స్‌లో మొదటిసారి కొండవాలు స్కీయింగ్‌ను చేర్చారు. అప్పుడే ఒలింపిక్ సంఘం, స్కీ నేర్పి జీతం తీసుకునేవారు ప్రొఫెషనల్స్ అని తేల్చింది. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ ఆటగాళ్ళు దానికి నిరసనగా ఆ పోటీల్లో పాల్గొనలేదు. అంటే కొలో మీద పడిన కత్తి అతనికోసం కొత్తగా నూరింది కాదు.

ఇటువంటి శిక్ష అనుభవించినవారిలో అతడు మొదటివాడూ కాదు. అమెరికాలోని ఆదివాసీ జాతికి చెందిన జిమ్ థార్ప్ 1912 ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. అంతకుముందు బేస్‌బాల్ ఆడి కొద్ది డబ్బు తీసుకున్నాడని తెలిసి 1913లో అతని పతకాలు లాగేసుకున్నారు. 1982లో ఒలింపిక్ సంఘం తన నిర్ణయాన్ని మార్చుకుంది. అప్పటికి థార్ప్ చనిపోయి 29 ఏళ్ళయింది.

కొలో విషయంలో ఒక మేలు జరిగింది. అతని పతకాలు ఎవరూ లాక్కోలేదు. కాని పోటీల్లోకి రానివ్వలేదు. అతనికి అప్పటికి 34 ఏళ్ళు. ఇంకా ఎన్నేళ్ళు గెలిచేవాడో ఎవరూ చెప్పలేరు. అయితే ఆట మానేయాలా వద్దా అనేది తేల్చుకునే హక్కు ఆటగాడిది. ఆ హక్కు అతనికి లేకుండా పోయింది. ఈ నియమం అందరి మీదా సమానంగా పనిచేసి ఉంటే కొంత నయం. కొన్ని దేశాల్లో ఆటగాళ్ళను సైన్యంలోనో, ప్రభుత్వ ఉద్యోగంలోనో చేర్చుకుని, జీతమిచ్చి, ఏడాదంతా సాధన చేయించేవారు. వారు కాగితం మీద అమెచ్యూర్లే. తన పేరును దాపరికం లేకుండా బూటు మీద వేయించుకున్నవాడు మాత్రం దోషి అయ్యాడు.

ఆగి ఆలోచించండి: మీ ఊళ్ళో బాగా కబడ్డీ ఆడే కూలివాడున్నాడనుకోండి. పోటీలకు వెళ్ళిన రోజుల కూలి అతనికి ఎవరు ఇవ్వాలి? తీసుకుంటే తప్పా? మీ అభిప్రాయం అయిదారు వాక్యాల్లో రాయండి.

కాగడా పట్టుకోవచ్చు, పరుగెత్తకూడదు

1956లో శీతకాల ఒలింపిక్స్ ఇటలీకే వచ్చాయి. ఆల్ప్స్ పర్వతాల్లోని కొర్తీనా అనే పట్టణంలో జరిగాయి. సొంత గడ్డ మీద, సొంత ప్రజల ముందు ఆడే అవకాశం ఆటగాడికి జీవితంలో ఒక్కసారి కూడా రాకపోవచ్చు. కొలోకు అది వచ్చింది, కాని అతని పేరు ఆటగాళ్ళ జాబితాలో లేదు.

ఒలింపిక్ జ్యోతి రోమ్ నగరంలో వెలిగించగా, ఎందరో చేతులు మారుతూ కొర్తీనా చేరింది. పట్టణానికి పైన కొండ మీద ఒక బస ఉంది. దాని పేరు దుకా దవోస్తా. 1956 జనవరి 26న అక్కడి నుంచి కాగడా చేతబట్టి స్కీల మీద కిందికి దిగే బాధ్యతను కొలోకు అప్పగించారు. నిషేధించిన మనిషికే ఆ గౌరవం ఇచ్చారు. అతడు దిగి కాగడా అందించాడు. చివరకు గుయిదో కరోలి అనే స్కేటింగ్ ఆటగాడు దాన్ని తీసుకుని మంచు మైదానంలో తిరుగుతూ, టెలివిజన్‌వారి వైరు కాళ్ళకు తగిలి పడిపోయాడు. అయినా జ్యోతిని ఆరిపోనివ్వలేదు. ఈ పతనం గురించి అందరూ చెప్పుకుంటారు. కొండ మీద నుంచి దాన్ని తెచ్చిన మనిషిని తలచుకునేవారు తక్కువ.

ఆ పోటీల్లో ఆస్ట్రియాకు చెందిన టోనీ జైలర్ అనే ఇరవై ఏళ్ళ కుర్రవాడు మూడు కొండవాలు పందేలూ గెలిచాడు. డౌన్‌హిల్ విజేత స్థానం కొలో నుంచి అలా చేతులు మారింది.

తరువాతి రోజులు

కొలో అబెతోనెకు తిరిగివచ్చి స్కీయింగ్ నేర్పుతూ బతికాడు. ఊరి చుట్టూ ఉన్న కొండవాలులను స్కీ పరుగులకు అనువుగా తీర్చిదిద్దడంలో పాలుపంచుకున్నాడు. ఏ చెట్టు పక్కన మలుపు రావాలో, ఎక్కడ వాలు ఎక్కువ ఉండాలో అతనికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఒకప్పుడు అడవి మీద బతికిన ఊరు క్రమంగా శీతకాల యాత్రికుల మీద బతకసాగింది. దానికి అతని పేరు కూడా కొంత కారణం.

అతనికి సిగరెట్లు విపరీతంగా తాగే అలవాటుండేది. వృద్ధాప్యంలో ఊపిరితిత్తుల జబ్బు అతణ్ణి బాధించింది.

ఈలోగా లోకం మారుతూ వచ్చింది. 1972లో జపాన్‌లోని సప్పోరో ఒలింపిక్స్ నుంచి ఆస్ట్రియా స్కీ వీరుడు కార్ల్ ష్రాంజ్‌ను ఇటువంటి కారణంతోనే పంపించివేశారు. తిరిగివచ్చిన అతనికి వియన్నా నగరంలో ప్రజలు బ్రహ్మరథం పట్టారు. జనం ఎటువైపు ఉన్నారో అందరికీ తెలిసిపోయింది. రెండేళ్ళకు ఒలింపిక్ సంఘం నియమాన్ని సడలించింది. 1980ల చివరినాటికి ప్రొఫెషనల్ ఆటగాళ్ళు కూడా ఒలింపిక్స్‌లో ఆడే వీలు కలిగింది. బూట్ల మీద, స్కీల మీద, టోపీల మీద కంపెనీల పేర్లు బాహాటంగా కనబడసాగాయి.

1989లో ఇటలీ సమాఖ్య జెనో కొలో మీద ఉన్న నిషేధాన్ని ఎత్తివేసింది. అతడు మళ్ళీ పోటీ చేయవచ్చు. అప్పటికి అతని వయస్సు 69 ఏళ్ళు.

1993 మే 12న, అబెతోనెకు దిగువనున్న సాన్ మార్చెల్లో అనే ఊళ్ళో అతడు మరణించాడు. ఆకాశంలో తిరిగే ఒక చిన్న గ్రహశకలానికి ఖగోళ శాస్త్రజ్ఞులు తరువాత అతని పేరు పెట్టారు. అతనితోపాటు ఒకే ఏడాది పుట్టిన చెలీనా సేగి 102 ఏళ్ళు జీవించి 2022లో కన్నుమూసింది. అబెతోనె కొండ మీద మూడు స్కీ వాలులకు జెనో 1, జెనో 2, జెనో 3 అని పేర్లు. బూటు మీద ఉండకూడదన్న ఆ పేరు చూసుకునే యాత్రికులు ఇప్పుడు అక్కడ టికెట్టు కొని కొండెక్కుతారు.

అభ్యాసం

1. అబెతోనె ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది?
2. గుడ్డు ఆకారపు భంగిమ వల్ల వేగం ఎందుకు పెరుగుతుంది? సైకిలు ఉదాహరణతో వివరించండి.
3. 1936లో ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ ఆటగాళ్ళు ఒలింపిక్స్‌లో ఎందుకు పాల్గొనలేదు?
4. అమెచ్యూర్ నియమాన్ని సమర్థిస్తూ ఒక పేరా, వ్యతిరేకిస్తూ ఒక పేరా రాయండి.
5. 1989లో నిషేధం ఎత్తివేయడం వల్ల కొలోకు ఏమి దక్కింది, ఏమి దక్కలేదు? మీ తోటి అభ్యాసకులతో చర్చించండి.